ఉప్పు లెక్క



అమెరికాలో రెండు యూనివర్సిటీల నుంచి బిజినెస్ అనలిటిక్స్ ఎం.ఎస్.కి అడ్మిట్ వచ్చిందనీ, ఏది తీసుకోవాలో పెదనాన్నని అడగమన్నావనీ మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషం తల్లీ. ర్యాంకుల సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు, వాటి జోలికి పోను. నేను ఉద్యోగమంతా గణాంక శాఖలో, సగం పొలం గట్ల మీదా సగం మండలాఫీసుల్లోనూ అంకెలు పోగేస్తూ గడిపినవాణ్ణి. ఆ చదువులో ఏది గట్టిగా పట్టుకోవాలో, ఏది కాస్త జారినా కొంప మునగదో మాత్రం చెప్పగలను.

కోర్సు వివరాలు నాన్న వాట్సాప్‌లో పంపితే కళ్ళజోడు తుడుచుకుని మొత్తం చదివాను. ఎస్‌క్యూఎల్, పైథాన్, ట్యాబ్లో, రిగ్రెషన్, మెషీన్ లెర్నింగ్, ఆప్టిమైజేషన్, ఆఖర్న ఒక కంపెనీ ఇచ్చిన సమస్య మీద ప్రాజెక్టు. అన్నీ కావలసినవే. వీటిలో సగం నీకు వచ్చినవే కూడా. బీమా కంపెనీకి రిపోర్టులు తయారు చేస్తూ రెండేళ్ళు హైటెక్ సిటీలో ఊరికే కూర్చోలేదు కదా. కానీ ఆ పట్టికలో నాకు కనపడనిది ఒకటుంది. నీ ముందున్న అంకెను మొదట ఎవరు రాశారు? అది పెరిగితే వాళ్ళకు లాభమా, తగ్గితే లాభమా? ఈ ప్రశ్నకు ఏ సెమిస్టర్లోనూ పేపరు లేదు. నేను చెప్పేదంతా దాని గురించే.

సి.ఆర్. రావు గారి పేరు నువ్వు వినే ఉంటావు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. తెలుగు కుటుంబంలో 1920లో హడగళిలో పుట్టి, మన ఊళ్ళల్లోనే బడి చదువులు చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో చేరారు. 1945లో ఆయన అచ్చువేసిన ఒక్క వ్యాసంలోంచే క్రామర్-రావు హద్దూ, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమూ వచ్చాయి. అప్పటికి ఆయన వయసు పాతిక కూడా నిండిందో లేదో. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, ఆ ఏడే 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన రాసిన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' అనే చిన్న పుస్తకంలో ఒక సంగతి ఉంది. నీ చదువు మొత్తానికి అదొక్కటే చాలునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

1947. దేశ విభజన గొడవల్లో ఢిల్లీ అట్టుడుకుతోంది. ప్రాణభయంతో వేలమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్ళకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. ప్రభుత్వం ఆ పనిని కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు కనక, కాంట్రాక్టరు ఎంత బియ్యం వండామంటే అంతకీ డబ్బు చెల్లించాల్సిందే. బిల్లులు చూస్తే కొండలా పెరిగిపోతున్నాయి. లోపలున్నవాళ్ళెందరో తేల్చి చెప్పమని గణాంక నిపుణులను అడిగారు. వాళ్ళకేమో కోటలోకి వెళ్ళి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు, బయట అంత ఉద్రిక్తంగా ఉంది. చేతిలో ఉన్నదల్లా కాంట్రాక్టర్లు ఇచ్చిన మొత్తాలే: ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు.

మనిషి రోజుకు సుమారుగా ఎంత బియ్యం తింటాడో, ఎంత పప్పు, ఎంత ఉప్పు వాడతాడో అంతకుముందు జరిగిన ఆహార సర్వేల వల్ల తెలుసు. మొత్తాన్ని తలసరి వాడకంతో భాగిస్తే జనాభా రావాలి. మూడు సరుకులతో మూడుసార్లు భాగించారు. మూడు జవాబులూ ఒకటి కాలేదు. బియ్యం ప్రకారం జనం చాలా ఎక్కువ, ఉప్పు ప్రకారం చాలా తక్కువ.

ఇప్పుడు నువ్వు చెప్పు, ఏది తీసుకుంటావు? మూడింటి సగటు తీసేస్తానంటావా? చాలామంది అదే చేస్తారు. ఆ గణాంక నిపుణులు మాత్రం ఉప్పును నమ్మారు. బియ్యం ఖరీదైన సరుకు, బిల్లులో నాలుగు బస్తాలు ఎక్కువ రాస్తే డబ్బు మిగులుతుంది. ఉప్పు చవక. దాని లెక్క పెంచి రాస్తే కాంట్రాక్టరుకు ఒరిగేదేమీ లేదు, కాబట్టి దాన్ని పెంచే శ్రమ ఎవరూ పడరు. జె.ఎం. సేన్‌గుప్తా అనే ఆయన వేసిన ఎత్తు ఇది. అదే సమయంలో హుమాయూన్ సమాధి దగ్గర ఉన్న ఇంకో శిబిరంలో జనం ఎంతో వేరే దారిలో తెలుసు కనక, ఈ ఉప్పు పద్ధతిని అక్కడ పెట్టి సరిచూసుకున్నారు. సరిపోయింది.

గమనించావా, ఇందులో లెక్క అంటూ ఉన్నది ఒక్క భాగహారం. ఐదో తరగతి పిల్లాడు చేస్తాడు. మిగతాదంతా ఏ అంకె మీద ఎవరి చెయ్యి పడి ఉంటుందో ఊహించగలగడం. ఆ తర్వాత, తమ ఊహ మీద తమకే నమ్మకం చాలక ఇంకో చోట పరీక్షించి చూసుకోవడం. ఈ రెండో పని మరీ ముఖ్యం తల్లీ. తెలివైన ఊహ తట్టగానే మురిసిపోయి స్లైడు తయారు చేసేవాళ్ళే ఎక్కువ.

మా శాఖలో ఇది మాకు రోజూ ఉండే వ్యవహారమే. పంట కోత ప్రయోగాలని ఉంటాయి, నీకు చిన్నప్పుడు ఒకసారి చూపించాను కూడా. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చూసి సర్వే నంబరు ఎంచుతాం. ఆ చేలో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి వెళ్ళాలో కూడా పట్టికే చెబుతుంది. అక్కడ మేకులు కొట్టి, తాడు కట్టి, వరికైతే 5 మీటర్ల పొడవు 5 మీటర్ల వెడల్పు చతురస్రం గీసి, అందులో పంట కోసి, నూర్చి, తూస్తాం. జిల్లా దిగుబడి అంచనాకు ఆధారం ఇలాంటి మళ్ళే. ఎండలో ఆ నంబరు పొలం దాకా బురదలో నడవాలంటే కొత్తగా చేరిన కుర్రాడికి బద్ధకం. రోడ్డు పక్కనే బ్రహ్మాండమైన చేను కనపడుతుంటే 'ఇదీ వరే కదండీ' అంటాడు. రోడ్డు పక్క చేనుకు నీరందుతుంది, ఎరువుల బండి వస్తుంది, దిగుబడి ఎక్కువ. ఆ ఒక్క బద్ధకం రాష్ట్ర దిగుబడి దాకా ఎక్కి కూర్చుంటుంది. ఇక పంటల బీమా ఆ అంకెతో ముడిపడిందంటే, దిగుబడి తక్కువ రావాలని చుట్టూ నిలబడ్డ రైతులు కోరుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ కష్టం వాళ్ళది. అయినా తాడు పట్టుకున్నవాడు ఆ సంగతి తెలుసుకుని పట్టుకోవాలి.

ఇంకో సూక్ష్మం చెబుతాను, దీని మీద 1940ల్లో మహలనోబిస్ గారికీ, ఇంకో గణాంకవేత్త సుఖాత్మే గారికీ పెద్ద వాదమే నడిచింది. మడి మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువ చూపిస్తుందని సుఖాత్మే గారు తేల్చారు. కారణం ఏమిటంటావా? తాడు సరిగ్గా దుబ్బు మీదుగా పోయినప్పుడు, ఆ దుబ్బు లోపలిదా బయటిదా అన్న అనుమానం వస్తే, కోసేవాడి చెయ్యి లోపలికే వేసుకుంటుంది. మడి ఎంత చిన్నదైతే అంచు వాటా అంత ఎక్కువ, కాబట్టి తప్పూ అంత ఎక్కువ. మోసం లేదు, స్వార్థం లేదు, మనిషి చెయ్యి స్వభావం అంతే. నీకు రేపు కంపెనీలో ఇచ్చే డేటాబేసులో ప్రతి వరుస వెనకా ఇలాంటి చెయ్యి ఒకటుంటుంది. కాల్ సెంటర్‌లో ఫిర్యాదు కారణం నింపే అమ్మాయి, పని తొందరలో జాబితాలో మొదటి కారణాన్నే నొక్కి ఉండొచ్చు. ఆ అమ్మాయి పక్కన ఒక పూట కూర్చోకుండా ఆ కాలమ్ మీద మోడల్ కట్టకు.

అంకెల్ని జీతాలకు కట్టేస్తే ఏమవుతుందో అమెరికాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది పథకాలైనా అంటగట్టాలని సిబ్బందికి లక్ష్యం పెట్టింది. పై అంతస్తులో కూర్చున్నవాళ్ళకు గ్రాఫులు ఎంతో బాగా కనపడ్డాయి. కింద సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ళ పేర లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, జరిమానా పడ్డ తర్వాతి నెలలో ముఖ్య కార్యనిర్వహణాధికారి దిగిపోయాడు. ఆ గ్రాఫులు గీసినవాళ్ళలో నీలాంటి చదువు చదివినవాళ్ళు ఎంతమందో. లెక్కలో తప్పులేదు. ఖాతాలు నిజంగానే పెరిగాయి, డేటాబేసులో ఉన్నాయి. అడగవలసింది ఒక్కటే: ఈ అంకె పెరగకపోతే ఎవరి ఉద్యోగం ఊడుతుంది?

మీ బాబాయి డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు పొద్దస్తమానం చూసిన జిల్లో వెబ్‌సైటు సంగతి కూడా ఇలాంటిదే. ఇళ్ళకు ధర అంచనా కట్టడంలో వాళ్ళకు మించినవాళ్ళు లేరని పేరు. ఆ అంచనాల మీద నమ్మకంతో 2018లో తామే ఇళ్ళు కొని అమ్మడం మొదలుపెట్టారు. 2021 నవంబరులో ఆ వ్యాపారం మూసేస్తున్నామనీ, సిబ్బందిలో నాలుగోవంతు మందిని తీసేస్తున్నామనీ ప్రకటించారు. ఇళ్ళ ధరలు ఎటు పోతాయో ముందుగా చెప్పడం తాము అనుకున్నంత తేలిక కాలేదని వాళ్ళే ఒప్పుకున్నారు. దానికి నా మాట ఒకటి కలుపుతాను. నువ్వు కట్టిన ధర ఎక్కువైతే అమ్మేవాడు ఎగిరి గంతేసి ఒప్పుకుంటాడు, తక్కువైతే నవ్వి ఊరుకుంటాడు. నీ తప్పుల్లో నీకు నష్టం చేసేవే నీ చేతికొస్తాయి. సగటున సరిగ్గా ఉన్న అంచనా కూడా బజార్లోకి దిగితే నష్టం తెస్తుంది. అంచనా వేయడం ఒక విద్య, ఆ అంచనాతో నిర్ణయం తీసుకోవడం ఇంకో విద్య. నీ డిగ్రీ పేరులో మొదటిది కనపడుతుంది, జీతం రెండోదానికి ఇస్తారు.

ఇదంతా విని అంకెలంటేనే నమ్మకం పోగొట్టుకోకు. అదీ ఒక జబ్బే. మా ఆఫీసుల్లో 'అన్నీ దొంగ లెక్కలేనండీ' అంటూ టీ తాగేవాళ్ళు తక్కువేమీ లేరు. అంకె లేకపోతే గెలిచేది పెద్ద జీతం ఉన్నవాడి అభిప్రాయం. 2012లో మైక్రోసాఫ్ట్ బింగ్‌లో ప్రకటన శీర్షిక చూపించే తీరు కొద్దిగా మార్చుదామని ఒక ఉద్యోగి అన్నాడు. పైవాళ్ళకు అది అంత ముఖ్యంగా తోచక ఆరునెలలకు పైగా మూలన పడింది. ఒక ఇంజినీరు చివరికి ఎ/బి టెస్టు పెట్టి చూశాడు. రాబడి 12 శాతం పెరిగింది, ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైమాట. ఆ ఆలోచన విలువ ఎంతో అది పుట్టించినవాడికీ తెలియదు, పక్కన పెట్టినవాళ్ళకూ తెలియదు. వాడుకరుల్ని యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేసి చూస్తే తెలిసింది. మా సర్వే నంబరు ఎంపికకూ దీనికీ మూలం ఒకటే. అందుకే ఎలెక్టివ్‌లలో ప్రయోగాల రూపకల్పన గానీ కాజల్ ఇన్‌ఫరెన్స్ గానీ ఉంటే ముందు అవి తీసుకో. ఇది జరిగినందువల్లే అది జరిగిందా, లేక రెండూ పక్కపక్కన జరిగాయా అని తేల్చే విద్య అది. కోడ్ రాయడం ఇప్పుడు యంత్రమే సగం చేసిపెడుతోంది. ఆ తేడా తేల్చడానికి ఇంకా మనిషే కావాలి. ఎస్‌క్యూఎల్ మాత్రం యంత్రానికి వదిలేయకు. డేటా ఎక్కడ ఎలా పడి ఉందో నీ చేత్తో తవ్వి చూసుకోవాలి. ట్యాబ్లో రంగులు ఓ వారం ఆలస్యంగా నేర్చుకున్నా ఏమీ కాదు.

ఇక నీ అసలు ప్రశ్న, రెండింటిలో ఏది? ఇది కూడా నీ చదువులోని సమస్యే, ఇక్కడి నుంచే మొదలుపెట్టు. రెండు చోట్లా ఉద్యోగాల నివేదికలో పెద్ద శాతాలు వేశారు. ఆ శాతం ఎవరిలో శాతం? చదువు ముగించిన అందరిలోనా, ఉద్యోగం వెతుకుతున్నామని చెప్పినవాళ్ళలోనా, సర్వేకు జవాబిచ్చినవాళ్ళలోనా? వందమంది బయటికొచ్చి, యాభైమంది జవాబిచ్చి, అందులో నలభై ఐదుగురికి ఉద్యోగాలొస్తే 90 శాతమని వేసుకోవచ్చు. జవాబివ్వని యాభైమంది ఎందుకివ్వలేదో నీకూ నాకూ తెలుసు. పైగా స్వదేశీ విద్యార్థులనీ విదేశీ విద్యార్థులనీ విడదీసి చూపించమని మెయిల్ పెట్టి అడుగు. ఇవ్వనన్నారంటే అదే ఒక జవాబు.

కలిపి చూస్తే ఒక కథ, విడదీస్తే ఇంకో కథ ఎలా అవుతుందో చూడాలంటే బర్క్లీ సంగతి చదువు. 1973లో అక్కడ పైచదువుల ప్రవేశాల్లో మగవాళ్ళ దరఖాస్తుల్లో 44 శాతం, ఆడవాళ్ళవి 35 శాతం అంగీకరించారు. పచ్చి వివక్ష అనిపిస్తుంది. శాఖలవారీగా చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది. సీట్లకు పోటీ ఎక్కువున్న శాఖలకు ఆడపిల్లలు ఎక్కువగా దరఖాస్తు పెట్టారు. మరి ఆ శాఖలకే ఎందుకు పెట్టారు, లెక్కల శాఖల దాకా ఎందుకు రానివ్వలేదు అన్నది ఇంకా వెనక్కి వెళ్ళి అడగాల్సిన ప్రశ్న. ఏ పొరలో ఆగాలో ఏ సూత్రమూ చెప్పదు.

డబ్బు సంగతి మీ నాన్న నీతో మాట్లాడడు, నేనే మాట్లాడాలి. చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయొచ్చు. కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోదైతే ఇంకో 24 నెలలు. బిజినెస్ అనలిటిక్స్ పేరుతో ఉన్నవన్నీ ఒకే కోడ్ కింద ఉండవు, కాబట్టి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న కోడ్ స్టెమ్‌లో ఉందో లేదో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుని రాతపూర్వకంగా అడుగు. మొదటి 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆపైన హెచ్-1బి ఉద్యోగ వీసా: ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు ఇంకో 20,000. కావలసినవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువమంది. అది రాదనుకునే అప్పు లెక్క వెయ్యి. ఇక్కడికి తిరిగొచ్చి హైదరాబాదు జీతంతో ఆ అప్పు ఎన్నేళ్ళకు తీరుతుందో కాగితం మీద పెట్టు. ఆ కాగితం చూశాక కూడా వెళ్ళాలనిపిస్తే నిశ్చింతగా వెళ్ళు. అనిపించకపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. కలకత్తా ఐఐఎం, ఐఎస్ఐ, ఖరగ్‌పూర్ ఐఐటీ కలిసి 2015 నుంచి నడుపుతున్న పీజీడీబీఏ అనే బిజినెస్ అనలిటిక్స్ కోర్సు ఉంది, పరీక్ష రాసి చేరాలి. మహలనోబిస్ గారు కట్టిన సంస్థలో కూర్చుని చదవడం తక్కువ సంగతేమీ కాదు.

అమెరికా కోర్సులు రెండింటిలో ఒకటి ఏడాదిలో అయిపోతుంది, ఖర్చు తక్కువ. రెండోది మధ్యలో వేసవి ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. నన్నడిగితే, నీకు రెండేళ్ళ అనుభవం ఉన్నా అక్కడి కంపెనీ లోపల నీ కంటితో ఒకసారి చూడాలి కనక, అప్పు కాగితం ఒప్పుకుంటే ఇంటర్న్‌షిప్ ఉన్నదే మేలు. ఒప్పుకోకపోతే మొదటిది. మూడో మాట లేదు.

లేని అనుభవాన్ని రెజ్యూమెలో కలిపి, ఇంటర్వ్యూకి ఇంకొకరిని కూర్చోబెడతామనే కన్సల్టెన్సీవాళ్ళు అక్కడ మనవాళ్ళలోనే ఉన్నారు. నీ రూమ్మేట్లు 'అందరూ అదే చేస్తున్నారు' అంటారు. అంకెల వెనక ఎవరి చెయ్యి ఉందో వెతికే పనికి వెళ్తూ, నీ పేరు వెనకే దొంగ లెక్క పెట్టుకోకు. ఉద్యోగం నాలుగు నెలలు ఆలస్యమైతే ఇంటికి ఫోన్ చెయ్యి, నీ కంగారు మేం పంచుకుంటాం.

బీమా కంపెనీ రిపోర్టుల పని వదిలేసి పోతున్నానని సంబరపడుతున్నావని విన్నాను. దాన్ని వదలకు. క్లెయిమ్ ఎలా వస్తుంది, ఏజెంటు ఏం రాస్తాడు, సర్వేయరు ఏం కొట్టేస్తాడు, ఇవన్నీ నీ క్లాసులో మిగతావాళ్ళకు తెలియవు. ఏ రంగమూ తెలియని అనలిస్టు చేతిలో ఎంత మంచి మోడలైనా ఊరు తెలియని కొత్త కరణం చేతిలో పడ్డ అడంగలే. ఆఖరి ప్రాజెక్టుకు బీమా కంపెనీ దొరికితే అదే ఎంచుకో. మొదటిరోజు వాళ్ళని మోడల్ గురించి కాక, 'నేను చెప్పే జవాబును బట్టి మీరు ఏ పని మార్చుకుంటారు?' అని అడుగు. ఏదీ మార్చుకోమంటే ఆ ప్రాజెక్టు వద్దు, ఇంకోటి ఇమ్మను.

వచ్చే ఆదివారంలోగా ఆ రెండు నివేదికలూ, నువ్వు వేసిన అప్పు కాగితమూ నాకు పంపు. ఎలెక్టివ్‌ల పట్టిక రాగానే రిజిస్టర్ చేసే ముందు ఒక్క ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండైనా ఫర్వాలేదు, పెదనాన్న మేలుకునే ఉంటాడు.